యంత్రమునకు పని చెప్పు విద్య

యంత్రమునకు తప్పు అంకెలు ఇచ్చినచో సరియైన జవాబు వచ్చునా? గణన యంత్రముల నిర్మాణమునకై జీవితమును ధారవోసిన ఆంగ్లేయుడు చార్లెస్ బాబేజిని ఇద్దరు పార్లమెంటు సభ్యులు వేర్వేరు సందర్భములలో ఈ ప్రశ్న అడిగిరట. ఇట్టి ప్రశ్న పుట్టించు ఆలోచన ఎట్టిదో తనకు అంతుపట్టలేదని ఆయన 1864లో వెలువడిన తన జ్ఞాపకముల గ్రంథమున వ్రాసెను. చిత్రమేమనగా, ఆ ప్రశ్న నేటికిని పాతబడలేదు.

బాబేజి తలపెట్టిన యంత్రమును గురించి ఏడా లవ్‌లేస్ 1843లో వివరణలు ప్రకటించెను. యంత్రము తనంత తాను ఏదియు కల్పింపజాలదనియు, ఎట్లు ఆజ్ఞాపింపవలెనో మనకు తెలిసిన పనినే చేయగలదనియు ఆమె అభిప్రాయము. అనగా యంత్రము పనితనము ఆజ్ఞాపించువాని తెలివిని బట్టి ఉండునన్నమాట.

తొలి కంప్యూటర్లకు అంకెల సంకేతములతోనే ఆజ్ఞలు ఇచ్చెడివారు. 1950 తరువాతి దశకములో అమెరికాలో గ్రేస్ హాపర్ ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు వ్రాయు పద్ధతిని రూపొందించెను. ఆ భావములే తరువాత కోబాల్ భాషకు ఆధారమైనవి. అయినను అందు ప్రతి మాటకు నియమితమైన అర్థమే ఉండెను. ఒక చుక్క తప్పినను యంత్రము మొరాయించును.

1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' అను ప్రోగ్రామును ప్రకటించెను. అది మన వాక్యములోని కొన్ని మాటలను పట్టుకొని వాటినే ప్రశ్నగా త్రిప్పి అడిగెడిది. దానికి ఏమియు అర్థము కాకున్నను, మాటలాడినవారు అర్థమైనదనియే భ్రమించిరి. ఈ భ్రమ వైజెన్‌బామ్‌నే కలవరపెట్టెను.

2020లో వచ్చిన జీపీటీ-3తో పరిస్థితి మారెను. అపారమైన వ్రాతలను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో అంచనా వేయుట దీనికి నేర్పిరి. దీనిలో సర్దుబాటు చేయబడిన సంఖ్యలు 17,500 కోట్లు. ప్రశ్నతోపాటు రెండు మూడు ఉదాహరణలు ఇచ్చినచో, అదే తీరున క్రొత్త పనిని చేయగలిగెను. 2022లో జరిగిన ఒక ప్రయోగములో 'అంచెలంచెలుగా ఆలోచింతము' అను భావముగల ఒక్క ఇంగ్లీషు వాక్యమును చేర్చినంతనే, ఒక తరహా లెక్కలలో సరియైన జవాబులు నూటికి 17.7 నుండి 78.7కు పెరిగెను! ఇట్టి సూచనను 'ప్రాంప్టు' అందురు. నాటకములో తెరచాటున నిలిచి నటునకు మాట అందించు ప్రాంప్టరును మన పెద్దలు ఎరుగుదురు గదా!

ఇప్పుడు ఒక ఉపాధ్యాయుని ఊహింతము. 2003లో ఆరంభమైన లింక్‌డిన్ వంటి వృత్తి వేదికపై ఆయన పిల్లల ప్రయోగమును గురించి ప్రకటింపదలచెను. 'మా సైన్సు ప్రదర్శన గురించి ఒక పోస్టు వ్రాయుము' అనినచో యంత్రము ఆడంబరమైన పొగడ్తలు అల్లును. రాని బహుమతిని కూడ వచ్చినట్లు వ్రాయవచ్చును. వివరములు లేని చోట, అట్టి వ్రాతలలో సాధారణముగా కనిపించు మాటలతోనే అది ఖాళీని పూరించును.

దీనికి బదులు ఇట్లు అడుగవచ్చును: 'చదువువారు ఇతర పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులు. మా 9వ తరగతి పిల్లలు మూడు బావుల నీటిని సబ్బుతో పరీక్షించిరి. ఒక బావి నీటిలో నురుగు సరిగా రాలేదు. ఇంతకు మించిన సంగతి ఏదియు చేర్చవలదు. 100 మాటలు దాటరాదు. పొగడ్తలు వలదు. చివర వారి అనుభవమును అడుగుము.' ఇందు చదువరి ఎవరో, సంగతి ఏదో, హద్దు ఎంతో స్పష్టముగా ఉన్నవి. తాను మునుపు వ్రాసిన పోస్టు ఒకటి నమూనాగా జోడించినచో శైలియు కుదురును.

అయినను పని ముగియలేదు. 'చేర్చవలదు' అనినను యంత్రము ఒక్కొక్కప్పుడు చేర్చును. కావున ప్రతి వాక్యమును సరిచూడవలెను. పోస్టుపై ఉండునది ఉపాధ్యాయుని పేరు. లేని బహుమతిని చూచి మొట్టమొదట ఆశ్చర్యపడువారు ఆ పిల్లలే. సత్యమును కొలిచి చెప్పుమని బోధించిన గురువు మాట వారి యెదుట ఏమగును?

బాబేజి యంత్రము తప్పు అంకెలకు తప్పు జవాబు ఇచ్చెడిది. నేటి యంత్రము అంకెలే ఇవ్వకున్నను సొంపైన జవాబు చెప్పగలదు. అందుచేతనే అడుగువాని బాధ్యత తగ్గలేదు, పెరిగినది.