ముల్కోవాల్ సీసాలో ఏముంది? హాఫ్‌కిన్ టీకాల చరిత్రపై ఒక పరిశీలన

వాల్డెమార్ హాఫ్‌కిన్ పేరు మన పుస్తకాల్లో ఎక్కడైనా వస్తే రెండే ముక్కలు కనిపిస్తాయి. తన ఒంటికే సూది పొడుచుకున్న సాహసి, యూదుడైనందుకు బ్రిటిష్ అధికారుల చేతిలో నలిగిన అమాయకుడు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది కానీ అవి అసలు విషయాన్ని కప్పేస్తున్నాయి. 1860లో ఒడెస్సాలో పుట్టి, మెచ్నికోవ్ దగ్గర జంతుశాస్త్రం చదివి, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో గ్రంథాలయ సహాయకుడిగా చేరిన ఈ మనిషి 1892 జులై 18న కలరా టీకాను మొదట తానే వేయించుకున్నాడు. కలరాకు అదే మొదటి టీకా అనడం మాత్రం పొరపాటు. 1885లోనే స్పెయిన్‌లో హైమే ఫెర్రాన్ వేలమందికి టీకా వేశాడు. అయితే తన మందు తయారీని రహస్యంగా ఉంచాడు, వేయించుకున్నవారిని వేయించుకోనివారితో సరిగా పోల్చి చూపలేదు. హాఫ్‌కిన్ గొప్పతనం ఆ పోలికలో ఉంది. 1894లో కలకత్తా కట్టల్ బాగాన్ బస్తీలో సుమారు 200 మందిలో 116 మందికి టీకా వేసి, ఒకే నీళ్లు తాగే మిగతావారితో వారిని పోల్చాడు. ఆ తర్వాత అక్కడ కలరా సోకింది టీకా వేయించుకోని వారికే. 1897లో బొంబాయి బైకుల్లా జైల్లో ప్లేగు టీకాకూ ఇదే పద్ధతి పాటించాడు. నా దృష్టిలో తన ఒంటి మీద చేసుకున్న ప్రయోగంకన్నా ఈ లెక్కలే విలువైనవి.

వివాదమంతా 1902 అక్టోబరు 30 దగ్గర ఉంది. పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఆరోజు 107 మందికి ప్లేగు టీకా వేశారు. వారిలో 53-ఎన్ అనే ఒక్క సీసాలోని మందు ఎక్కించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆనాటి మిగతా సీసాల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం, మందు బొంబాయిలో హాఫ్‌కిన్ నడిపే ప్రయోగశాలలోనే కలుషితమైందని తేల్చింది. లండన్‌లోని లిస్టర్ సంస్థ కూడా ఆ వైపే మొగ్గింది. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు. కానీ సంఘం చేతిలో ఉన్న సాక్ష్యం మరోలా ఉంది. సీసా మూత తీయడానికి వాడిన పట్టకారు సహాయకుడి చేతిలోంచి నేల మీద పడింది. దాన్ని మళ్లీ సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. సీసా తెరిచినప్పుడు దుర్వాసన ఏదీ రాలేదని టీకా వేసిన వైద్యుడు చెప్పాడు. ధనుర్వాత క్రిమి వారాల తరబడి మూసిన సీసాలో పెరిగి ఉంటే వాసన పట్టించకుండా ఉండదు. అంతేకాదు, అప్పటికే విషం పేరుకున్న మందు ఎక్కితే లక్షణాలు త్వరగా బయటపడాలి. ఇక్కడ వారం దాటాకగానీ జబ్బు కనిపించలేదు. క్రిమి సీసా తెరిచిన పూటే లోపలికి వెళ్లిందనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం దొరకడం కష్టం.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయకూడదు. పంజాబ్ ప్రభుత్వం లక్షల మోతాదులు అడగడంతో హాఫ్‌కిన్ తయారీ పద్ధతి మార్చాడు. కార్బాలిక్ ఆమ్లం కలపడం మానేసి వేడితోనే శుద్ధి చేశాడు. ఆ ఆమ్లం ఉంటే పట్టకారు తప్పు చేసినా ఆ 19 మంది బతికేవారేమో అనవచ్చు. ఆ అవకాశాన్ని పూర్తిగా కొట్టివేయలేం. కానీ ధనుర్వాత బీజాలు అంత పలచని కార్బాలిక్‌కు వెంటనే చచ్చేవి కావు, పైగా వేడితో శుద్ధి చేయడం పాశ్చర్ సంస్థలో అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతి. హాఫ్‌కిన్‌పై మోపదగిన తప్పు ఏదైనా ఉంటే అది గిరాకీ ఒత్తిడికి తలొగ్గి పద్ధతిని తొందరగా మార్చడమే, మందును కలుషితం చేయడం కాదు. యూదు ద్వేషమే అసలు కారణమన్న వాదన కూడా నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అది లేదని కాదు. అతను ఇండియన్ మెడికల్ సర్వీసు మనిషి కాడు, వైద్య పట్టా కూడా లేదు. నెపం తమవాడి మీద పడకుండా బయటివాడి మీదికి తోయడం ఏ దొరతనానికైనా తేలికే. 1907 జులైలో రొనాల్డ్ రాస్ తదితర శాస్త్రవేత్తలు లండన్ 'టైమ్స్'లో సాక్ష్యాలను విప్పిచెప్పాకగానీ ప్రభుత్వం దిగిరాలేదు. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రాసే ఆయన. ఆ ఏడాది చివర్లో నింద తొలగింది. హాఫ్‌కిన్ కలకత్తాకు తిరిగొచ్చినా మనుషులపై టీకా పరీక్షలు జరపనివ్వలేదు. 1914లో విరమించి, 1930లో లొసాన్‌లో కన్నుమూశాడు.

బొంబాయి ప్రయోగశాలకు 1925లో అతని పేరు పెట్టి చేతులు దులుపుకున్నాం. అతని పద్ధతిని మాత్రం అంత శ్రద్ధగా నిలుపుకోలేదు. కసౌలి, కూనూరు, గిండీల్లోని ప్రభుత్వ టీకా కేంద్రాల లైసెన్సులను 2008లో నిలిపివేశారు. నాణ్యతా ప్రమాణాలు అందుకోలేదన్న కారణం నిజమే కావచ్చు, కానీ సరిదిద్దాల్సిన వాటిని ఆపేయడం ముల్కోవాల్ నాటి పాలనా బుద్ధికి దగ్గరగానే ఉంది. ఇప్పుడు టీకాల తయారీలో హైదరాబాదు ప్రపంచానికి పెద్ద కేంద్రం. 1997లో హెపటైటిస్-బి టీకాను మనవాళ్లే తయారుచేసి ధర దించిన ఘనత ఈ నగరానిది. అదే నగరంలో పుట్టిన కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న అనుమతి దక్కింది. ఆ ఫలితాలు 'లాన్సెట్'లో అచ్చయింది నవంబరులో. టీకా పనిచేస్తుందనే తేలింది, సంతోషం. అయినా పోల్చిన లెక్కలు ముందు, సూది తర్వాత అన్న వరస 1894లో కలకత్తా బస్తీలో పాటించగలిగినప్పుడు, ఇన్ని ప్రయోగశాలలున్న 2021లో దాన్ని తలకిందులు చేయడాన్ని నేను సమర్థించలేను.