న్యూరల్ నెట్‌వర్క్‌ల గ్రాఫ్ కత్తిరింపు

న్యూరల్ నెట్‌వర్క్‌ను లెక్కల గ్రాఫ్‌గా చూసి, అందులో పక్కపక్క నోడ్లను కలపడం, పనికిరాని అంచులను తీసేయడం వంటి పద్ధతులన్నిటినీ గ్రాఫ్ ఆధారిత ఆప్టిమైజేషన్ అంటారు. ఇక్కడ గ్రాఫ్ అంటే చుక్కలు, వాటిని కలిపే గీతలు. చుక్క, అంటే నోడ్, ఒక లెక్క చేస్తుంది. గీత, అంటే అంచు, ఆ ఫలితాన్ని మరో లెక్క దగ్గరికి మోసుకెళ్తుంది. ఈ పని రెండు అవసరాల కోసం జరుగుతోంది. ఒకటి పొదుపు: మోడల్ తక్కువ మెమరీతో, తక్కువ కరెంటుతో నడవాలి. రెండోది వివరణ: ఆ జవాబు మోడల్‌లో ఏ దారిన వచ్చిందో మనకు తెలియాలి. రెండు పనులకూ కత్తెర ఒకటే అయినా కోసే తీరు వేరు. ఈ తేడా గమనించకపోతే, చిన్నదైన ప్రతి మోడలూ అర్థమైన మోడలే అని పొరబడే ప్రమాదం ఉంది.

జవాబు మారని కుదింపు

అన్నిటికంటే నిరపాయమైనది నోడ్లను కలపడం. ఒక నోడ్ తనకు వచ్చిన సంఖ్యను 4తో గుణించి 2 కలుపుతుంది అనుకుందాం. దాని తర్వాతి నోడ్ అందులోంచి 6 తీసేసి 2తో భాగిస్తుంది. 5 ఇస్తే మొదటి నోడ్ దగ్గర 22 అవుతుంది, రెండో నోడ్ దగ్గర 8 అవుతుంది. ఈ రెండింటి బదులు 2తో గుణించి 2 తీసేసే ఒక్క నోడ్ పెట్టినా 8 వస్తుంది. ఏ సంఖ్య ఇచ్చినా అంతే. చిత్రాలను గుర్తించే నెట్‌వర్క్‌లలో కన్వొల్యూషన్ అనే లెక్క వెంట వచ్చే, విలువలను ఒక స్థాయికి సర్దే బ్యాచ్ నార్మలైజేషన్‌ను ఇలాగే కలిపేస్తారు. శిక్షణ ముగిశాక అందులోని సంఖ్యలు స్థిరపడిపోతాయి కాబట్టి ఇది సాధ్యం. లాభం ఒక గుణకారం తగ్గడంలో కన్నా, మధ్య ఫలితాన్ని మెమరీలో రాసి మళ్లీ చదివే పని తప్పడంలోనే ఎక్కువ. మోడల్ కంపైలర్లు ఈ పనిని తమంతట తామే చేస్తాయి.

అంచుల కోత

జవాబు కొంచెం మారినా ఫరవాలేదు అనుకుంటే అంచులనే కోయవచ్చు. 1989లో బెల్ ల్యాబ్స్‌లో యాన్ లెకూన్, జాన్ డెంకర్, సారా సొల్లా ‘ఆప్టిమల్ బ్రెయిన్ డ్యామేజ్’ అనే పద్ధతి చూపించారు. ఏ వెయిట్ (అంచు మీద గుణించే సంఖ్య) చిన్నది అని కాకుండా, ఏది తీసేస్తే తప్పు ఎంత పెరుగుతుంది అని వాళ్లు లెక్కగట్టారు. చేతిరాత అంకెలను గుర్తించే నెట్‌వర్క్‌లో పారామీటర్లను, అంటే శిక్షణలో నేర్చుకునే సంఖ్యలను, నాలుగో వంతుకు తేగలిగారు.

2015లో సాంగ్ హాన్ బృందం అంతకంటే సులువైన దారి పట్టింది. సున్నాకు దగ్గరగా ఉన్న వెయిట్లను తీసేసి, మిగిలినవాటికి మళ్లీ శిక్షణ ఇచ్చి, మళ్లీ కోయడం. చిత్రాలను గుర్తించే అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్‌లోని 6.1 కోట్ల పారామీటర్లు కచ్చితత్వం తగ్గకుండానే 67 లక్షలకు దిగాయి. దీనికి వెయిట్లను తక్కువ బిట్లలో రాయడం, తరచూ వచ్చే విలువలకు చిన్న కోడ్ ఇచ్చే హఫ్‌మన్ కోడింగ్ జోడిస్తే 240 ఎంబీ మోడల్ 6.9 ఎంబీలో ఇమిడింది. 2019లో జొనాథన్ ఫ్రాంకిల్, మైకేల్ కార్బిన్ ‘లాటరీ టికెట్’ ప్రతిపాదనతో ఇంకో సంగతి బయటపెట్టారు: కోత తర్వాత మిగిలిన చిన్న నెట్‌వర్క్‌ను దాని తొలి వెయిట్లతోనే మళ్లీ మొదలుపెడితే, ఒంటరిగానే పెద్దదానంత బాగా నేర్చుకోగలదు. కొత్తగా ఏవో వెయిట్లు ఇస్తే మాత్రం అంత బాగా నేర్చుకోదు.

పారామీటర్ల సంఖ్య కాగితం మీద పదో వంతుకు దిగింది కదా అని వేగం పది రెట్లు పెరగదు. సున్నాలు చెల్లాచెదురుగా ఉంటే మిగిలిన ప్రతి సంఖ్యా ఎక్కడుందో వేరే రాసుకోవాలి, పైగా చిప్‌లు వరుసగా పేర్చిన సంఖ్యల మీదే వేగంగా పనిచేస్తాయి. అందుకే ఒక్కో అంచును కాక మొత్తం చానల్‌నే (అంచుల గుంపునే) కోసే పద్ధతి వచ్చింది. ఎన్విడియా 2020లో తెచ్చిన యాంపియర్ చిప్‌లు మధ్యేమార్గం ఎంచుకున్నాయి: పక్కపక్కనున్న ప్రతి నాలుగు వెయిట్లలో రెండు సున్నాలైతే ఆ లెక్కను రెట్టింపు వేగం దాకా చేయగలవు.

అంతకంటే గట్టిగా పట్టించుకోవలసిన సంగతి మరొకటి ఉంది. సారా హుకర్ బృందం 2019లో చూపినట్టు, కోత తర్వాత సగటు కచ్చితత్వం దాదాపు అలాగే కనిపిస్తున్నా, నష్టం అన్ని ఉదాహరణల మీదా సమానంగా పడదు. కొన్ని తరగతుల చిత్రాలకే ఎక్కువ దెబ్బ తగులుతుంది. సగటు అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకునేవారికి ఇది కనపడదు. లోపల ఏ దారి తెగిందో చూడాలి.

అర్థం కోసం కోత

ఆ లోపలి దారుల వెతుకులాటలో ప్రసిద్ధమైన ఉదాహరణ జీపీటీ-2 స్మాల్ అనే భాషా మోడల్. ఇందులో 12 పొరలు, ఒక్కో పొరలో 12 అటెన్షన్ హెడ్లు (ముందున్న ఏ పదాలను చూడాలో ఎంచే భాగాలు), మొత్తం 144. మేరీ, జాన్ కలిసి దుకాణానికి వెళ్లారని, జాన్ ఒక పానీయం ఇచ్చాడని ఇంగ్లిష్‌లో చెప్పి, ఎవరికి అన్నచోట ఆపితే ఈ మోడల్ ‘మేరీ’ అంటుంది. (తెలుగులో ఆ పేరు క్రియకు ముందే వస్తుంది కాబట్టి వాక్యాన్ని అక్కడ ఆపడం కుదరదు.) కెవిన్ వాంగ్ బృందం 2022లో ఈ పనికి 26 హెడ్లను గుర్తించింది. కొన్ని హెడ్లు జాన్ పేరు రెండుసార్లు వచ్చిందని పసిగడతాయి. కొన్ని ఆ పేరు మీద దృష్టి పడకుండా ఆపుతాయి. ఇంకొన్ని మిగిలిన పేరును జవాబులోకి తెస్తాయి.

ఇక్కడ హెడ్ల వంటి భాగాలే నోడ్లు; వాటి మధ్య అంచును కోయడమంటే సున్నా పెట్టడం కాదు. పేర్లు మార్చిన వేరే వాక్యంలో అదే అంచు మోసే విలువను తెచ్చి ఇందులో పెడతారు. జవాబు చెదిరితే ఆ అంచు అసలు వాక్యం గురించి ఏదో మోస్తున్నట్టు. చెదరకపోతే ఈ పనికి అది అక్కర్లేదు. 2023లో ఆర్థర్ కాన్మీ బృందం ఈ పరీక్షను యంత్రానికే అప్పగించింది. ఏసీడీసీ అనే ఆ అల్గోరిథం జవాబు వైపు నుంచి వెనక్కి నడుస్తూ ఒక్కో అంచునూ పరీక్షిస్తుంది. యుద్ధం 1732లో మొదలైందని చెప్పి, ముగిసిన ఏడాది 17 దగ్గర ఆపితే 32 కంటే పెద్ద అంకె వేసే పనిలో, అదే మోడల్‌లోని సుమారు 32,000 అంచుల్లో అది 68 మాత్రమే మిగిల్చింది. ఆ 68 కూడా పరిశోధకులు అంతకుముందే చేత్తో గుర్తించినవే.

చిక్కు లేకపోలేదు. మేరీ ఉదాహరణలో పేరును తెచ్చే హెడ్లను ఆపేస్తే, అప్పటిదాకా ఊరకున్నట్టున్న మరికొన్ని హెడ్లు ఆ పని అందుకుంటాయి. వాటిని బ్యాకప్ హెడ్లు అంటారు. కాబట్టి ఒక అంచును కోసినా జవాబు మారలేదంటే అది పనికిరానిదనీ కావచ్చు, దానికి బదులు పనిచేసేది పక్కనే ఉందనీ కావచ్చు. ఒక్కో అంచునూ విడిగా కోసి చూస్తే ఈ రెండింటికీ తేడా బయటపడదు. అంచులను జంటలుగా ఆపి చూడాలి, అలా చూడవలసిన జంటలు 32,000 అంచుల మీద 50 కోట్లు దాటుతాయి.