దాదా ఏ పని చేసేవాడు?

"ఏలినోళ్లు మీరు, మీకేం తక్కువ?" తెలంగాణలో మనలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు విన్న మాటే. మన దాదాలందరూ నవాబులేననీ, 1948 పోలీసు చర్యతో, 1949 జాగీర్ల రద్దుతో ఆ వైభవం పోయిందనీ దాని అర్థం. ఇంటి స్థితి తరం నుంచి తరానికి ఎట్లా మారిందో కొలవకుండానే చెప్పే తీర్పు ఇది.

కొలిచినవాళ్లున్నారు. ఇటలీలో ఫ్లారెన్స్ నగరపు 1427 నాటి పన్ను చిట్టాని 2011 లెక్కలతో ఇంటిపేర్ల వారీగా పోల్చిచూస్తే, ఆనాడు పైనున్న ఇంటిపేర్లే దాదాపు ఆరువందల ఏళ్ల తర్వాతా పైన తేలాయి. మనకీ పద్ధతి పనికిరాదు. షేక్ అన్న పేరు వెనక రైతున్నాడో, కసాయి ఉన్నాడో, గుమాస్తా ఉన్నాడో ఏ చిట్టా చెప్తుంది?

మన దేశంలో తండ్రి సంపాదన లెక్క దొరకడం కష్టం. ఎంతవరకు చదివాడో మాత్రం కొడుక్కి తెలుస్తుంది. అందుకే ఆషర్, నొవొసాద్, రఫ్కిన్ అనే పరిశోధకులు చదువునే కొలబద్ద చేసుకున్నారు. తండ్రులందర్నీ నూరు మెట్ల మీద నిలబెట్టి, కింది యాభై మెట్లలో ఉన్నవాళ్ల కొడుకులు తమ తరంలో సగటున ఏ మెట్టెక్కారో చూశారు. తండ్రి స్థితితో సంబంధమే లేకపోతే యాభయ్యో మెట్టు. ఎక్కడివాళ్లక్కడే ఉండిపోతే ఇరవై అయిదు. 1980ల రెండో సగంలో పుట్టిన దళితుల కొడుకులు సుమారు 38కి చేరారు. మనవాళ్లు 29. 1960లలో పుట్టిన మనవాళ్లకి అదే లెక్క 31. అంటే ఎక్కకపోగా దిగాం.

ఇది నవాబుల కథ కాదు, కిందనే పుట్టినవాళ్ల కథ. దర్బారు కూలితే నవాబు దిగజారతాడు. దూదేకేవాడు ఎక్కణ్ణించి దిగజారాలి?

ఈ కొలబద్దకి అందనిదీ ఒకటుంది. 1918లో పుట్టిన ఉస్మానియా ఉర్దూలో పాఠాలు చెప్పింది. పోలీసు చర్య తర్వాత అక్కడికి ఇంగ్లీషు వచ్చింది, కచేరీల్లోంచి ఉర్దూ వెళ్లిపోయింది. తండ్రి పదేళ్లు ఉర్దూలో చదివితే లెక్కలో పదేళ్లే పడతాయి. ఆ చదువుతో కొడుక్కి నౌకరీ దొరికే దారి మూసుకుపోయిందన్నది ఏ గడిలోనూ పడదు.

పైగా ముస్లింలని ఒకే గంపలో వేస్తే సయ్యద్ మనవడూ హజామ్ మనవడూ ఒకటైపోతారు. 2007 నాటి రిజర్వేషన్ చట్టం ఆ పని చెయ్యలేదు. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజామ్‌లు, ఖురేషీలు అని పేరుపేరునా రాసింది. సయ్యద్, మొఘల్, పఠాన్‌లని బయట ఉంచింది. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బీసీల్లో ఉన్నారు.

2025 ఫిబ్రవరిలో వెల్లడైన తెలంగాణ కులసర్వేలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలే 10.08 శాతం. ఏలినోళ్లని పిలిపించుకుంటున్న ప్రతి అయిదుగురిలో నలుగురన్నమాట.