ఉలిమొనలో ఉక్కెంత

పాతకాలపు వడ్రంగి ఉలి నొకదానిని సానరాయిపై కొంతసేపు నూరి, తడి తుడిచి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో, ఏటవాలుగా అరగిన దాని మొనపై రెండు ఛాయలు కనబడును. అంచును ఆనుకొనియున్న సన్నని పట్టీ అద్దమువలె మెరయుచుండును. దాని వెనుకనున్న భాగము మసకగా, బూడిదరంగున నుండును. మెరయునది ఉక్కు, మసకగా నున్నది మెత్తని ఇనుము. ఈ రెంటిని కొలిమిలో కాల్చి, ఒకదానిపై నొకటి పేర్చి, సమ్మెటపోటులతో ఏకము చేసిన కమ్మరి, విలువైన లోహమును కోత జరుగుచోట మాత్రమే నిలిపి, తక్కిన కాయమునంతటిని చౌక లోహముతో నింపెను. తక్కువ వెలకు దొరకు పనిముట్టును చూచినంతనే నాసిరకమని త్రోసివేయువారు మొదట ఈ సన్నని గీతను చూడవలెను. చేతిపనిముట్ల చరిత్రలో పొదుపు నైపుణ్యముగా పుట్టినది. మోసము చాలకాలము తరువాత వచ్చి, ఆ పొదుపు వేషమునే ధరించినది. ఈ రెంటిని వేరుపరచి చూపుటయే చౌక పనిముట్టును పరీక్షించువాని పని యని నా నిశ్చయము.

ఇనుమునకును ఉక్కునకును గల భేదము పరిమాణమున మిక్కిలి స్వల్పము. నూరుపాళ్ల లోహములో ఒకపాలునకు అటునిటుగా బొగ్గుసారము చేరినచో, ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినంతనే అది కఠినమై అంచును నిలుపుకొనును. ఆ సారము లేనిచో ఎన్నిమారులు ముంచినను మెత్తగనే యుండును. అయితే ఆ ఒక్కపాలును లోహమంతట సమముగా చేర్చుట అనేక శతాబ్దములపాటు ఏ కొద్దియూళ్లవారికో తెలిసిన విద్య. అట్టి ఊళ్లలో నిజామాబాదు సీమయందలి కోనసముద్రము ఒకటి. మట్టిమూసలలో ఇనుపముక్కలను ఉంచి, మూతలు మెత్తి, గంటలకొలది తిత్తులు ఊది కరగించి, ఆ మూసలలోనే మెల్లగా చల్లారనిచ్చి అచ్చటివారు తీసిన ఉక్కుగడ్డలు పారసీక దేశమునకు ఎగుమతి యగుచుండెను. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ యూరి పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. అందులో ఇస్పహాను నుండి వచ్చిన యొక వర్తకుని ప్రస్తావన గలదు. అతడు అంతకుముందు ఒకమారు వచ్చి ఉక్కు కొనిపోయినవాడే. సముద్రము దాటి, నెలల తరబడి ప్రయాణము చేసి వచ్చిన ఆ మనుష్యుడు సరకును సంతలో బేరమాడి కొనిపోలేదు; కొలిమి దగ్గరనే బసచేసి పనిని స్వయముగా కనిపెట్టి చూచుచుండెను. ఉక్కు మంచిచెడ్డలు పైకి తెలియవు గనుక, పుట్టుచోటనే కాపు కాచుట అతనికి నమ్మదగిన యుపాయముగా తోచినది కాబోలు.

మన పల్లెటూరి వడ్రంగికి ఆ శ్రమ అవసరము లేకుండెను. కొలిమి అతని వీధిలోనే యుండెను. కమ్మరియు వడ్రంగియు ఇరువురును గ్రామపు ఆయగాండ్రలో లెక్కకు వచ్చువారు. పంట కళ్లమునకు వచ్చినప్పుడు రైతు కొలిచి యిచ్చు ధాన్యమే వారి జీతము. నాగటి కఱ్ఱు ఏడాదిలో ఎన్నిమారులు మొక్కవోయినను, అన్నిమారులు దానిని సాగగొట్టి పదును పెట్టి యిచ్చుట కమ్మరి విధి. అందులకు వేరుగా వెల లేదు. ఈ యేర్పాటులోని యొక గుణమును మన గ్రామచరిత్రలు వ్రాసినవారు తగినంతగా గమనింపలేదని నాకు తోచును. నాసిగా చేసిన పనిముట్టు వలని నష్టము మొదట చేసినవాని పైననే పడెడిది. మెత్తనైన కఱ్ఱు మరునాడే మరల కొలిమికి వచ్చును. మరల బొగ్గు కాలవలెను, మరల సమ్మెట లేవవలెను. కూలి మాత్రము పెరుగదు. కావున మంచిపని చేయుట ధర్మమగుటతోపాటు లాభమును అయియుండెను. వడ్రంగి తన ఉలిని అదే కొలిమికి తీసికొనిపోయినప్పుడు, ముందుగనే యెన్నో కఱ్ఱులు నేర్పిన పాఠము ఆ కమ్మరి చేతిలో నుండెడిది.

అయినను వడ్రంగి కన్నుమూసికొని పుచ్చుకొనెడివాడు కాడు. అతని పరీక్షలు సులభమైనవి, ఖర్చులేనివి. మొనకు కొంచెము ఎడముగా ఆకురాయిని తేలికగా నడిపినప్పుడు అది లోహమును పట్టక జారిపోయినచో గట్టి ఉక్కు. కరకరమని కొరికినచో ఇనుము, లేదా నీరు సరిగా పట్టని ఉక్కు. ఆ తరువాత తుమ్మకఱ్ఱ కణుపుపై నాలుగు దెబ్బలు. అంచు వంగినచో మెత్తన. పెచ్చులు రాలినచో పెళుసు. ఈ రెండు దోషములలో పెళుసుదనము తీర్పరానిది కాదు. నీట ముంచి తీసిన ఉలిమొనను తళుకు వచ్చునట్లు రుద్ది, మరల మెల్లమెల్లగా కాచినచో, దానిపై మొదట ఎండుగడ్డి వన్నె, పిదప గోధుమవన్నె, ఆపైన ఊదా, నీలము క్రమముగా ప్రాకును. ఉలికి గడ్డివన్నె దగ్గర ఆపవలెను. వంగి మరల నిటారగు రంపపు రేకునకు నీలము వఱకు పోనీయవలెను. ఉక్కన్నది లేనిచో మాత్రము ఈ వన్నెలన్నియు వచ్చినను ఫలము లేదు.

కోయవలసిన కఱ్ఱను బట్టియు పనిముట్టు విలువ మారును. బండిచక్రమునకు తుమ్మను చెక్కువానికి దెబ్బకు ఓర్చుకొను మొన కావలెను. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయువారి అవసరము వేరు: ఆ కఱ్ఱ మిక్కిలి మెత్తనిది, తేలికైనది, మొద్దువారిన అంచు దానిని కోయక నలిపివేయును. మెత్తని కఱ్ఱకు ఏ పనిముట్టైనను చాలునను మాట వినబడుచుండును గాని అది పొరపాటు. అచ్చట మొన ఎక్కువ దెబ్బలు తినకపోయినను మిక్కిలి వాడిగా నుండవలెను. తఱచుగా నూరుకొనుటకు ఓపిక గలవానికి సన్నని, తక్కువ వెల ఉలియే సరిపోవును.

చేసినవాడొకచోట, వాడువాడొకచోట అగుట విస్తారముగా సాగినది ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున. అచ్చట స్వీడను దేశపు ఇనుపకడ్డీలను బొగ్గుపొడిలో పాతి, దినములకొలది కాచి, పైపొరలనుండి బొగ్గుసారము లోనికి ఇంకునట్లు చేసెడివారు. పైన ఎక్కువ, లోన తక్కువగా నుండు ఆ ఉక్కు సమత లేనిది. గడియారములకు మంచి స్ప్రింగులు కావలెనని వెదకిన బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారపుపనివాడు, 1740 దశకములో ఆ ఉక్కునే మూసలలో పూర్తిగా కరగించి సమము చేయు పద్ధతిని సాధించెను. షెఫీల్డు కత్తులపనివారు అది మరీ గట్టిదని మొదట ముట్టలేదు. ఫ్రెంచివారు దానిని కొని చేసిన కత్తులు వచ్చి ఇంగ్లండులో పోటీపడిన తరువాతనే వారికి దాని విలువ తెలిసినది. ఆ శతాబ్దము ముగియకముందే మన దేశపు ఉక్కుగడ్డలును లండను చేరెను. బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ పంపిన వానిని జార్జి పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి నివేదించెను. తరువాత ఫారడే వంటి శాస్త్రజ్ఞుడు వాని రహస్యమునకై శ్రమించెను. ఈ శ్రమ అంతయు ఉక్కు గుణమును తెలిసికొనుటకు. కొన్నవానికి ఆ గుణమును హామీ యిచ్చుట అన్న సమస్య అలాగే మిగిలెను.

మూస ఉక్కు ప్రియమైనది. మూసలు మూడు కరగింపులకే పనికిరాకపోయెడివి, ఉక్కునకు ఎన్నో రెట్ల తూకము బొగ్గు కాలెడిది. అందువలన ఒకే అంగడిలో, ఒకే ఆకారమున, పెక్కు శ్రేణుల పనిముట్లు పుట్టెను. రంపముల విషయము చూడుడు. పందొమ్మిదవ శతాబ్దపు షెఫీల్డు రంపములపై ‘కాస్ట్ స్టీలు’ అనియు, ‘జర్మన్ స్టీలు’ అనియు, ‘స్ప్రింగ్ స్టీలు’ అనియు అచ్చులు కానవచ్చును. మొదటిది మేలు, తక్కినవి అంతకు దిగువ. పేరుమోసిన కొందరు పనివారు తమ రెండవరకపు రంపములపై సొంతపేరు వేయక వేరొక కల్పితనామమును కొట్టెడివారు. ‘లండన్ స్ప్రింగ్’ అను అచ్చు గల రంపములు చౌకబారువి. జర్మన్ స్టీలు జర్మనీ నుండి రానక్కరలేదు. లండన్ స్ప్రింగునకు లండనుతో బంధుత్వము అవసరము లేదు. తెలిసిన పనివాడు ఆ మాటల వెనుకనున్న శ్రేణిని చదువుకొనెడివాడు. తెలియనివాడు పెద్దపట్టణము పేరు చూచి సంతసించెడివాడు. ఇందు రెండవరకపు సరుకును రెండవరకపు వెలకు అమ్ముటలో నాకు దోషము కనబడదు. గ్రహింపలేనివానిని పేరుతో వంచించుటయే దోషము.

చట్టము ఈ భేదమును గుర్తించుటకు కొంతకాలము పట్టెను. 1819 నాటి శాసనము ప్రకారము, సమ్మెటతో కొట్టి చేసిన ఉక్కు కత్తులపై మాత్రమే సుత్తి గుర్తు వేయవచ్చును; పోతపోసిన ఇనుముతో చేసిన వానిపై వేయరాదు. అట్టి పోత ఇనుము పైకి తళతళలాడినను పెళుసు. కొన్నవానికి ఆ సంగతి అది విరిగిననాడు గాని తెలియదు. అదే శాసనము, లండనులోనో దాని సమీపముననో చేయని సరుకుపై లండను పేరు కొట్టరాదనెను. 1856లో బెస్సిమర్ తన పద్ధతిని ప్రకటించిన పిదప ఉక్కు రైలుపట్టాలకు సరిపోవునంత చౌకయయ్యెను. అదియు కరగించి పోసినదే గనుక, కేవలము ‘కాస్ట్ స్టీలు’ అను అచ్చు ఇక హామీ కాజాలకపోయెను. ఇక 1887 నాటి వాణిజ్య చిహ్నముల చట్టము విదేశపు సరుకుపై పుట్టిన దేశము పేరు వేయవలెనని నిర్బంధించెను. ఇది ముఖ్యముగా షెఫీల్డు పేరుతో వచ్చు జర్మను సరుకును ఉద్దేశించినది. కాని దేశము పేరు ఉక్కును గూర్చి యేమియు చెప్పదు. కొంతకాలములోనే మంచి జర్మను ఉలులను కోరి కొనువారు ఇంగ్లండులోనే బయలుదేరిరి. తక్కువచేయుటకై విధించిన ముద్ర ప్రశంసాపత్రమైపోయెను.

చిత్రికల కథలో పొదుపు మరియొక రూపము తాల్చినది. పూర్వపు చిత్రిక కఱ్ఱదిమ్మ. దానిలో మందపు నాలుకను చీలతో బిగించి, సుత్తితో తట్టి సరిచూచుకొనవలెను. అమెరికాలో లెనార్డ్ బెయిలీ ఇనుపకాయమును, సన్నని నాలుకను, లోతును సరిచేయు ఇత్తడి మరను కూర్చి 1867లో పేటెంటు పొందెను. 1869లో అతని వ్యాపారమును స్టాన్లీ సంస్థ కొనివేసెను. ఆ తరువాతి దశకములో అదే సంస్థ ఇండ్లలో వాడుకొనువారికై 110వ నంబరు చిన్న చిత్రికను అమ్మకమునకు పెట్టినది. దానికి లోతు సరిచేయు మర లేదు, సుత్తితో తట్టుకొనవలసినదే. ఇది నాకు మిక్కిలి నచ్చిన చౌకదనము. ఏది తీసివేయబడినదో కంటికి కనబడుచున్నది. దాని లోటును చేతి అలవాటుతో తీర్చుకొనవచ్చును.

తరువాతికాలపు చౌక చిత్రికలలో ఇంత స్పష్టత లేదు. మరలన్నియు ఉండును, ఆకారము అచ్చముగా పెద్దచిత్రికదే. కాని నాలుకను మోయు పీఠమును మరపై చదును చేయక రంగు పూసి విడిచిపెట్టుదురు. ఆ రంగుమెట్టలపై నాలుక కుదురుగా ఆనక, కఱ్ఱకు తగిలినంతనే అదరును. పలకపై అలలు పడును. అడుగును వెలుతురునకు ఎత్తి ఉక్కుబద్ద ఆన్చి చూచినచో మధ్యలో సందు కనబడును. ఈ లోపములు సవరింపదగినవే: గాజుపలకపై గరుకుకాగితము పరచి అడుగును రుద్దవచ్చును, పీఠమును ఆకురాయితో సరిచేయవచ్చును. అయితే కర్మాగారము మిగుల్చుకొన్న ఆ పనియంతయు ఇప్పుడు కొన్నవాని భుజముపై పడినది. చౌకచిత్రిక వెల కట్టునప్పుడు తన కూలిని దానికి కలుపుకొనక లెక్కవేయువాడు తప్పులెక్క వేయుచున్నాడు. నాలుకలోని ఉక్కే చెడ్డదైనచో ఎంత శ్రమించినను వ్యర్థము గనుక, మొదట నాలుకను, పిదప అడుగును, అన్నిటికిని తరువాత పిడిని చూడవలెను. అంగళ్లలో జనులు సాధారణముగా పిడి మెరుగుతోనే మొదలుపెట్టుదురు.

పాత ఇనుము అంగళ్లలో దొరకు ఉలులకు ఇంకొక జాగ్రత్త కావలెను. అతుకు ఉక్కు మొననుండి కొంతదూరము వఱకే సాగును. తరతరములు నూరిన ఉలిలో అది అరగిపోయి, వట్టి ఇనుము మిగిలియుండవచ్చును. పొడవును, అంచున మెరయు పట్టీని రెంటిని చూచి కొన్నచో, తక్కువ వెలకే మంచిసామాను చిక్కును.

నేటి ఇనుపసామానుల అంగడిలో అన్నిటికన్న చౌకగా దొరకు చేతిరంపము పండ్లు నల్లగా, నీలిఛాయతో నుండును. విద్యుత్తుతో ఆ పండ్లను మాత్రము క్షణములో కాచి చల్లార్చి, మితిమీరిన కాఠిన్యము కలిగింతురు. పాతపరీక్ష ఇచ్చట చిత్రమైన సమాధానమిచ్చును: ఆకురాయి జారిపోవును గనుక ఉక్కు గట్టిదే, కాని ఆ కారణముచేతనే మొద్దువారిన పండ్లను మరల నూరుటకు వీలులేదు. ప్లైవుడ్డులోని జిగురు ఏ రంపమునైనను త్వరగా మొద్దుపరచును. కట్టడముల పనిలో దినమంతయు దానినే కోయు వడ్రంగికి, పండ్లు నూరుటకు కూర్చుండు పూటను మిగిల్చి, పోయిననాడు మరియొకటి కొనుటకు వీలిచ్చు ఈ రంపము తగినదే. టేకు తలుపులు బిగించువాడు మాత్రము ఆకురాయి కొరుకు పండ్లుగల రంపమునకై, అది రెండింతల వెలయైనను, ఇప్పటికిని నాలుగు అంగళ్లు తిరుగుచున్నాడు.