కెరిస్ అలుగు: నిమ్మరసం, మణిశిల

న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలోని ఇండొనేషియా కెరిస్‌ బాకులలో చాలావాటిని ఇచ్చినవాడు జార్జ్ కామెరాన్ స్టోన్. వృత్తిరీత్యా ఆయన గనుల ఇంజనీరు, లోహశాస్త్రజ్ఞుడు. ప్రపంచ ఆయుధాలపై 1934లో ఒక పెద్ద నిఘంటువు ప్రచురించి, మరుసటి సంవత్సరమే మరణించాడు. తన సేకరణను మ్యూజియానికి వీలునామాగా రాసిపోయాడు. మ్యూజియాలకు చేరనివి వారసత్వంగానో, వేలంపాటలలోనో అమెరికన్ల ఇళ్ళకు చేరాయి. అలా చేరినవాటిలో ఎన్నో తుప్పు పట్టి, చార అన్నది కనిపించకుండా బూడిదరంగుకు తిరిగి ఉంటాయి. వాటిని అలాగే ఉంచాలా, మళ్ళీ నల్లబరచాలా అన్న ప్రశ్నకు జావా ఒక జవాబు చెబుతుంది, మ్యూజియం మరొకటి చెబుతుంది.

కెరిస్‌ను చేసే కమ్మరిని జావాలో ఎంపు అంటారు. అతడు మామూలు ఇనుమును, నికెల్ ఉన్న ఇనుమును పొరలుగా పేర్చి, కాల్చి అతికి, మడిచి సాగగొడతాడు. నడుమ వాదర కోసం ఉక్కురేకు పెడతాడు. పొరల వల్ల ఏర్పడే చారల పేరు పామోర్. పద్దెనిమిదవ శతాబ్ది చివర ప్రంబనన్ దగ్గర దొరికిన ఉల్క లోహాన్ని సురకర్త ఆస్థానంలో ఇందుకే వాడారు. మన కోనసముద్రం ఉక్కు కథ వేరు. అక్కడ మూసలో కరిగిన ఉక్కులోనే చార పుడుతుంది, ఇక్కడ సమ్మెట కింద పుడుతుంది. రెండింటిలోనూ అది కంటికి ఆనాలంటే పులుపు తగలాలి.

కమ్మరి పనికి జావాలో ఉన్న గౌరవం పదిహేనవ శతాబ్దపు సుకుః ఆలయంలోని ఒక శిల్పఫలకంలో కనిపిస్తుంది. ఒకవైపు భీముడు కత్తి సాగగొడుతుంటాడు, మరోవైపు అర్జునుడు కొలిమికి గాలి కొడుతుంటాడు, నడుమ వినాయకుడు నాట్యభంగిమలో ఉంటాడు. మన భారతాలలో వెదికినా ఈ ఘట్టం దొరకదు.

ఏటా సురో మాసంలో జావావారు కెరిస్‌లను కడుగుతారు. తుప్పు వదలడానికి కొబ్బరినీళ్ళలో నానబెట్టి, నిమ్మకాయతోను, లెరక్ కాయల నురుగుతోను రుద్దుతారు. లెరక్ మన కుంకుడుకు దగ్గరి చుట్టమే. అలుగు వెండిలా తెల్లబడ్డాక బాగా ఆరబెట్టి, వరంగాన్ కలిపిన నిమ్మరసం పూస్తారు. వరంగాన్ అంటే ఆర్సెనిక్ ఖనిజం. మన వైద్యగ్రంథాలలోని మణిశిల, తాళకం ఈ కుటుంబానివే. ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర తెల్లగా నిలుస్తుంది. చివరగా కడిగి, ఆరబెట్టి, సువాసన నూనె రాస్తారు.

అమెరికాలో ఈ పని ఇంట్లో చేసేవారికి నిమ్మకాయలకు, కొబ్బరినీళ్ళకు కొదవ లేదు. తుప్పుకు అనాసరసం, వెనిగర్ కూడా పనికొస్తాయి. చిక్కంతా ఆర్సెనిక్‌తోనే. అది విషం. పైగా ఆమ్లం, ఇనుము, ఆర్సెనిక్ కలిసినచోట ఆర్సీన్ అనే మరింత ప్రమాదకరమైన వాయువు పుట్టవచ్చు. వంటింట్లో చేయదగిన పని కానేకాదు. అందుకని కొందరు ఫెర్రిక్ క్లోరైడ్‌ను ఆశ్రయిస్తారు. 1973లో విలియం మోరాన్ తన పొరల ఉక్కు కత్తులను ప్రదర్శించిన తరువాత అమెరికన్ కమ్మరులలో పొరల ఉక్కు మళ్ళీ వాడుకలోకి వచ్చింది. వారికి ఆ ద్రావకం సుపరిచితం. కొత్త కత్తికి అది సరే. పాత కెరిస్‌పై మాత్రం అది ఇనుమును తినివేస్తుంది, వరంగాన్ ఇచ్చే చిక్కని నలుపును ఇవ్వదు.

ఉన్నదాన్ని వీలైనంత తక్కువ తాకాలన్నది మ్యూజియం సంరక్షకుల నియమం. జావావారి దృష్టిలో కడగని కెరిస్ నిర్లక్ష్యానికి గురైన కెరిస్. యునెస్కో 2005లో గుర్తించినది కూడా ఏదో ఒక బాకును కాదు, కెరిస్ చుట్టూ సజీవంగా ఉన్న సంప్రదాయాన్ని. నాకు జావావారి వాదమే సబబుగా తోస్తుంది. ఒక్కసారి నల్లబరచి వదిలేయడానికి చేసిన వస్తువు కాదది. అయితే ప్రతి కడుగుడూ కొంత ఇనుమును తీసుకుపోతుంది. తరాల తరబడి కడిగిన అలుగులు సన్నబడి, వాదర రంపపు పళ్ళలా చిల్లులు పడి కనిపిస్తాయి. అమెరికాలోని ఇంట్లో పూజా లేదు, సురో మాసమూ లేదు. అక్కడ ఏటేటా కడగడానికి కారణం కనబడదు. ఎర్రతుప్పు ఉంటే తీయవలసిందే, నలుపు పూర్తిగా పోతే అనుభవజ్ఞుడి చేత ఒకసారి వేయించవచ్చు. పాత నలుపు నిలిచి ఉంటే పలచగా నూనె రాస్తే చాలు. పాత ఒరలో ఎన్నో పూతల ఆర్సెనిక్ పొడి మిగిలి ఉండవచ్చు కనుక చేతి తొడుగులు లేకుండా దాన్ని దులపరాదు. మిగిలిన ద్రావకాన్ని సింకులో పోయకుండా ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే స్థానిక కేంద్రానికి అప్పగించాలి.