క్రింది దవడ మొర

కట్టుడుపండ్ల చరిత్రలో సౌఖ్యమంతయు పై దవడది; కష్టమంతయు క్రింది దవడది. పైవరుస విశాలమైన అంగిటిని కప్పి, నడుమనుండు పలుచని లాలాజలపు పొర బలముచేత దానిని గట్టిగ నంటుకొనియుండును. క్రిందివరుసకు సన్నని చిగురుగట్టు తప్ప వేఱాధారము లేదు. ఆ కాస్త ఆధారమునందును నాలుకయు చెక్కిళ్ళును దానిని క్షణక్షణము కదల్చుచునే యుండును. పండ్లూడిన పిదప ఎముక అరుగుటయు పైదవడకంటె క్రిందిదవడయందు సుమారు నాలుగు రెట్లని 1972లో టాల్‌గ్రెన్ ప్రకటించిన దీర్ఘకాల పరిశీలనము తెలుపుచున్నది.

1789లో అమెరికా ప్రథమాధ్యక్షుడుగ ప్రమాణము చేయునాటికి జార్జి వాషింగ్టను నోట మిగిలిన సహజదంత మొక్కటే. ఆయన పండ్లు కొయ్యవని లోకులు చెప్పుకొను కథ నిజము కాదు. గ్రీన్‌వుడ్ అను దంతవైద్యుడు వానిని నీటిగుఱ్ఱపు దంతముతో చెక్కి, మనుష్యదంతములు పొదిగి యిచ్చెను. అవి నోట నిముడక పెదవులను ముందునకు నెట్టుచున్నవని ఆ మహాపురుషుడు వైద్యునికి జాబు వ్రాసికొనవలసి వచ్చెను. రోగి తృప్తిని గూర్చి యింతకంటె సూటియైన సాక్ష్యము ఆ కాలమున దొరకుట యరుదు. పిమ్మట పింగాణి వచ్చెను, గట్టి రబ్బరు వచ్చెను, 1930ల తరువాత ఆక్రిలిక్కు వచ్చెను. వెల తగ్గెను, రూపు మెఱుగయ్యెను, క్రిందివరుస మాత్రము కదలుట మానలేదు.

1950లలో స్వీడను దేశమున బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు కుందేటి యెముకలో రక్తప్రసారమును పరిశీలించుటకై అమర్చిన టైటానియపు పరికరములను తిరిగి తీయబోగా, ఎముక వానితో నేకమై విడువకుండెను. ఆయన తలపెట్టినది రక్తప్రసార పరిశోధనము. దొరకినది ఇంప్లాంటు దంతవైద్యమునకు పునాది. 1965లో గోటెన్‌బర్గున లార్సన్ అను రోగి క్రిందిదవడలో బిగించిన టైటానియపు మరలు, అనగా ఇంప్లాంటులు, ఆతడు 2006లో మరణించువఱకు, నలువదేండ్లకు పైగా, నిలిచినవి. అయినను ఈ పద్ధతిని గూర్చి 1982లో టొరాంటోలో జరిగిన సభ వఱకు పెక్కుమంది వైద్యులు దీనిని సంశయించుచునే యుండిరి.

అటుపిమ్మట పరిశోధకులు ఎముకను కొలుచుటతో తృప్తిపడక రోగినే యడుగసాగిరి: నూఱు మిల్లీమీటర్ల గీతపై నీ తృప్తి యెచ్చటనో గుర్తింపుమని. క్రిందిదవడ విషయమున నిలుకడయందును నమలుటయందును ఇంప్లాంటుల పక్షమే గెలిచెను. రెండు ఇంప్లాంటులపై నిలిచి, తీసిపెట్టుకొన వీలగు క్రిందివరుసయే తొలి యెంపిక కావలెనని 2002లో కెనడాయందలి మెగిల్ విశ్వవిద్యాలయమున కూడిన నిపుణులు తీర్మానించిరి. పైదవడయం దట్లు కాదు. ఎముక చాలినంతగ నున్నవారికి క్రొత్తగ చక్కగ చేసిన సాధారణపు వరుసయే యించుమించు అంత తృప్తి నిచ్చినట్లు అదే దేశపు పరిశోధనమున తేలెను.

ఈ లెక్కలను చదువునపుడు మఱొక విషయము మఱువరాదు. తృప్తిని గీతపై గుర్తించినవారందఱు మరలు బిగించుటకు ముందే సమ్మతించినవారు. ఉచితముగ నమర్చెదమన్నను కెనడాలో పండ్లులేని వృద్ధులలో నూటికి 36 మంది వలదనిరని 2005లో ప్రకటితమైన యొక పరిశీలనము చెప్పుచున్నది; వారి కారణములలో శస్త్రచికిత్స భయమే ముఖ్యమైనది.