బొంతకు నేల గుడ్డ



పొంతన లేని వ్యవహారాన్ని చూసి "అతుకుల బొంతలా ఉంది" అనడం మనకి అలవాటు. పాపం, బొంత ఏం చేసింది? నాలుగు చీరల ముక్కలూ, రెండు పరికిణీల అంచులూ, అబ్బాయి పాత చొక్కా జేబూ కలిసి ఒద్దికగా అమరిన బొంతలు మీరూ చూసే ఉంటారు. కొన్ని మాత్రం సంతలాగా గోలగోలగా ఉంటాయి. ముక్కలు అలాంటివే, కుట్టూ అలాంటిదే. తేడా ఎక్కడుందంటే, ముక్కల మధ్య కనబడే సాదా గుడ్డలో ఉంది. ముగ్గుకి అలికిన నేల ఎట్లాగో ముక్కలకి ఆ గుడ్డ అట్లాగ. అంచేత దాన్ని నేను నేల గుడ్డ అని పిలుస్తాను.

ఈ గుడ్డ సంగతి నాకు పట్టుకోవడానికి కారణం మా వదినతో వచ్చిన చిన్న పేచీ. అమ్మ పోయాక ఆవిడ పెట్టె తీస్తే, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు ఒక దిండు గలీబు నిండా ఉన్నాయి. కొన్ని నలభై ఏళ్లనాటివి. మా అమ్మాయికి పురిటిరోజులు దగ్గర పడుతున్నాయి, ఆ ముక్కలతో బిడ్డకి బొంత కుడదామని కూర్చున్నాను. నేల గుడ్డకోసం అదే పెట్టెలోంచి అమ్మ తెల్లచీరలు తీశాను. నాన్న పోయాక ఇరవై ఏళ్లపాటు ఆవిడ కట్టినవి అవే. వదిన చూసి, "ఏమిటే, ఆ చీర పసిగుడ్డుమీద కప్పుతావా? నాలుగు గజాల కొత్త పాప్లిన్ తెచ్చుకోరాదూ!" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. సూది పక్కన పెట్టి, మనకంటే ముందు బొంతలు కుట్టినవాళ్లు నేల గుడ్డ ఎలా ఎంచుకున్నారో వెతికి చదవడం మొదలుపెట్టాను.

తెల్లటి నేలమీద రంగురంగుల పువ్వులన్న ముచ్చట విదేశాలదే అనుకునేదాన్ని. తీరా చూస్తే ఆ కథలో మన తీరానికీ పాలుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. ఇక్కడి అద్దకం గుడ్డలూ, సాదా గుడ్డలూ ఓడలకెక్కేవి. మనం లంగాలకి కొనే లాంక్లాతు పేరు కూడా ఈ తీరంనుంచి ఎగుమతైన పొడుగాటి తానులకి పెట్టిన పేరే. 1643లో లండన్‌లోని కంపెనీ పెద్దలు సూరత్‌లో ఉన్న తమ ఉద్యోగులకి ఒక ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది: మీరు పంపే బొంతలు చాలామటుకు ముదురు ఎరుపు నేలతో వస్తున్నాయి, అవి ఇక్కడివాళ్లకి అంతగా నచ్చడం లేదు, ఇకమీదట తెలుపు నేల ఎక్కువగా ఉండి, మధ్యలో పువ్వులూ కొమ్మలూ రంగుల్లో ఉండేటట్టు చేయించండి. చూశారా, నేల గుడ్డ రంగు గురించి సముద్రాలు దాటి ఉత్తరం! కొనేవాడి కంటికి ఆనలేదు కాబట్టి నేల మారింది. ఆ తరవాత మన కోస్తానుంచి కూడా తెల్లని నేలమీద పూలచెట్ల అద్దకాలు యూరపుకి విస్తారంగా వెళ్లాయి.

అయితే ఆ తెలుపు తేలిగ్గా వచ్చింది కాదు. అద్దకంవాళ్లు గుడ్డని కరక్కాయలోనూ గేదెపాలలోనూ నానబెట్టి ఎండబెడతారు. నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ వేసి పులియబెట్టిన నీళ్లు వాడతారు. ఎరుపు కావలసిన చోట పటిక రాసి, చిరివేరుతో ఉడకబెడతారు. అప్పుడు ఎరుపు పట్టాల్సిన చోట పడుతుంది గానీ, మిగతా గుడ్డకీ ఆ చాయ కొంత అంటుకుంటుంది. దాన్ని పేడనీళ్లలో ఊరబెట్టి, ఉతికి, ఎండలో పరిచి, ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చాకిరీ చేస్తేనే నేల తిరిగి తెల్లబడేది. తెలుపంటే ఏమీ చెయ్యకుండా వదిలేసిన జాగా అనుకుంటాం గానీ, ఆ గుడ్డలో అన్నిటికన్నా ఓపిక పట్టింది ఆ తెలుపుకే.

ఈ గుడ్డలు అక్కడి నేతగాళ్ల పొట్టకొడుతున్నాయని గొడవలయ్యాయి. ఫ్రాన్సులో 1686లో పెట్టిన నిషేధం 1759దాకా సాగింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసి అద్దకం గుడ్డల దిగుమతి ఆపింది. 1721లో కట్టుకోవడమూ ఇంట్లో వాడుకోవడమూ కూడా తప్పేనంది. 1774లో గానీ ఆ కట్టు వదల్లేదు. ఇంగ్లండు ఉత్తరాన లెవెన్స్ హాల్ అనే పాత భవనంలో ఒక ముక్కల బొంత ఉంది. ఆ దేశంలో దొరికినవాటిలో అతి పాతవాటిలో అదొకటి, 1708 ప్రాంతంలో కుట్టిందని చెబుతారు. ఆ ముక్కలన్నీ మన దేశపు అద్దకం గుడ్డలే! అప్పటికి దిగుమతి ఆగిపోయింది. దొరకని గుడ్డ ప్రతి ముక్కా ఎంత అపురూపమో, రేషను రోజుల్లో కాపరం చేసిన మనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

అమెరికా వెళ్లేసరికి కథ మరో తిరుగు తిరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లులు వచ్చాక అన్నిటికన్నా చవగ్గా దొరికింది సాదా నూలుగుడ్డ, మన కోరా లాంటిది. అక్కడ దాన్నే మస్లిన్ అంటారు. 1930 తరవాతి కరువు కాలంలో అదీ కొనలేనివాళ్లు పిండి సంచులూ, కోళ్ల దాణా సంచులూ విప్పి, వాటిమీది సిరా ముద్రలు పోయేదాకా ఉతికి, ఆ తెల్లగుడ్డనే వాడుకున్నారు. జంట పెళ్లి ఉంగరాలు అనే నమూనా అప్పుడే ఊరూరా పాకింది. పదులకొద్దీ రకాల పూలముక్కలు వంకీలు తిరుగుతాయి, వాటి మధ్య ఒకటే తెలుపు. ముక్కలు ఒకదానికొకటి సరిపోకపోయినా ఆ నేల అన్నిటినీ కలుపుకుంది.

నేల గుడ్డ వేరే పెట్టుకునే వీలు కూడా లేనివాళ్లున్నారు. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని నల్లవారి పల్లె ఉంది. ఒకనాటి బానిసల సంతతివారు అక్కడ పత్తి చేలు చేసుకు బతికారు. వాళ్ల బొంతల్లో పొలం బట్టలే ముక్కలూ, అవే నేలా. వెలిసిన నీలం గుడ్డమధ్య జేబు విప్పిన చోట మాత్రం పాత రంగు ముదురుగా కనబడుతుంది. 1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ, చనిపోయిన భర్త పనిబట్టలు విప్పి బొంత కుట్టుకుంది. ఆయన జ్ఞాపకం దాని కింద వెచ్చగా ఉంటుందని. ఆ ఊరి ఆడవాళ్ల బొంతలని 2002లో హ్యూస్టన్‌లోనూ, తరవాత న్యూయార్క్‌లోనూ పెద్ద మ్యూజియాల్లో గోడలకి కట్టి చూపించారు. కానీ కుట్టిన నాడు ఆవిడకి మ్యూజియం ఊసు లేదు, చలి ఉంది, దుఃఖం ఉంది.

ఇక మనదేశంలో బెంగాలు కాంతా. వాడిన తెల్లచీరలూ ధోవతులూ పొరలు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన రంగుదారాలతో కుట్టేవారు. అక్కడ నేలంతా పాత తెలుపే. అదే గుడ్డలో పుట్టిన పిల్లల్ని చుట్టేవారు. పాతగుడ్డ మెత్తన, పైగా దిష్టి తగలదని నమ్మకం.

ఇది చదివి వదినకి చెప్పాను. "మనమూ పుట్టిన బిడ్డకి మొదట పాతచీర ముక్కే కదా వదినా చుడతాం?" అన్నాను. "అవును. మా పెద్దాడికి అత్తయ్యగారి చీరే చుట్టాం. కానీ అప్పుడది రంగుచీర" అంది. ఆ మాట నిజమే. తెలుపుకి మనం తగిలించిన అర్థం ఒక వ్యాసం చదివితే ఊడిపోయేది కాదు. అందుకని వాదన మానేసి, గుడ్డ సంగతే మాట్లాడాను.

పాత బొంతలు పరిశీలించినవాళ్లు చెప్పేదేమంటే, ఇనుముతో అద్దిన నలుపు, గోధుమరంగు ముక్కలు ముందు చివికిపోతాయి. వాటి చుట్టూ ఉన్న తెలుపు మాత్రం నిలుస్తుంది. అంటే నేల గుడ్డ ముక్కలకన్నా ఎక్కువ కాలం బతకాలి. అలాగని మరీ బలమైనదీ పనికిరాదు. నీరసించిన జాకెట్టు ముక్క పక్కన బిరుసు పాప్లిన్ కలిపితే, ఉతికినప్పుడల్లా కొత్తది లాగుతుంది, పాతది చిరుగుతుంది. నేలకీ ముక్కలకీ బరువు ఇంచుమించు ఒకటి కావాలి. కొత్తది కొనక తప్పకపోతే ముందు రెండుసార్లు తడిపి ఆరెయ్యాలి. ఎర్రముక్కలు తడిపి తెల్లగుడ్డమీద అదిమి, రంగు దిగుతుందేమో చూసుకోవాలి. ముక్కలన్నీ నేలమీద పరిచి, పదడుగులు వెనక్కి జరిగి, కళ్లు సగం మూసి చూడండి. ముక్కలు కనబడి నేల కనబడకపోతే మీ ఎంపిక సరైనదే.

అమ్మ చీరలు వెలుతురుకి ఎత్తి చూశాను. మధ్యభాగం జల్లెడలా ఉంది, కొంగు దగ్గరా అంచుల పక్కనా మాత్రం గట్టిగానే ఉంది. మూడు చీరల్లోంచి సరిపడా గుడ్డ వచ్చింది. వదిన మారుమాట్లాడకుండా పక్కన కూర్చుని ముక్కలు ఇస్త్రీ చేస్తోంది. ఉన్నట్టుండి ఒక చిలకపచ్చ ముక్క చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. "ఇది నా పెళ్లినాటి జాకెట్టుదే. అత్తయ్యగారు దీన్నీ దాచారా!" అంది. కాసేపు దాన్ని వేళ్లతో సవరిస్తూ కూర్చుంది. తరవాత తనే దాన్ని తెల్లగుడ్డమీద పెట్టి, వెనక్కి జరిగి, కళ్లు సగం మూసి చూసింది.

"మధ్యలో పెట్టవే. అక్కడ బాగుంటుంది" అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి గలీబు మూట ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి తీసినప్పుడు ముక్కలతోపాటు వాటికి నేల కాగల పాత గుడ్డకోసం కూడా వెతకండి. సెలవు.